కింది వరస మీటలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదన్న ముక్క అన్నిటికంటే ముందు పడాలి. అది పడ్డాకే మిగతాది చెబుతాను. పెళ్ళయిన కొత్తలో స్మశానం గోడ పక్కన అద్దింట్లో రెండేళ్ళున్నాం. ఒక్క రాత్రి కూడా భయపడలేదు. అక్కడ నన్ను విసిగించినవి దోమలే.

ఇక చదివేవాళ్ళ కోసం. నా పేరు సుగుణ. నాకు అరవై నాలుగేళ్ళు. ఇది నా చేత్తో రాస్తున్నది కాదు. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా వంటగది బల్ల దగ్గర మా అమ్మాయి కూతురు హన్నా ఫోన్ పట్టుకుని నా ఎదురుగా కూచుంది. నేను చెప్పేది అందులో రికార్డు అవుతోంది. వాళ్ళమ్మ తర్వాత విని రాసిపెడుతుంది. హన్నాకి పన్నెండేళ్ళు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"అమ్మమ్మా, జస్ట్ స్టార్ట్ ద స్టోరీ."

"స్టోరీ కాదమ్మా, జరిగింది. ఆ తేడా కూడా రికార్డు అవ్వనీ."

నేను దయ్యాల్ని నమ్మకపోవడానికి కారణం కూడా ఒక వాయిద్యమే. మాది నరసాపురం దగ్గర ఊరు. మా చర్చిలో ఒక హార్మోనియం ఉండేది. నాకు పదేళ్ళప్పుడు, మధ్యాహ్నం పూట ఎవరూ లేనప్పుడు అది దానంతట అదే మూలుగుతోందని పుకారు లేచింది. చనిపోయిన పాత పాస్టరుగారే వచ్చి వాయించుకుంటున్నారని గుసగుసలు. మా నాన్నగారు మిషన్ స్కూల్లో సైన్సు మేస్టారు, చర్చిలో పాటలు నడిపించేదీ ఆయనే. నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, "వెళ్ళి పాస్టరుగారిని పలకరించి రామ్మా" అన్నారు. వెళ్ళి వెనక చెక్క విప్పాను. లోపల ఒక ఎలక అయిదు పిల్లల్ని పెట్టుకుని కాపురం చేస్తోంది. అవి గాలితిత్తి మీద దొర్లినప్పుడల్లా గాలి కదిలి మూలుగు వచ్చేది.

ఆ రోజు నుంచి ఏ వింత కనబడినా ముందు వెనక చెక్క విప్పి చూడడం నాకు అలవాటయింది.

ఆ హార్మోనియం మీదే పదకొండేళ్ళు వాయించాను. ఆదివారం ఆరాధనలు, పెళ్ళిళ్ళు, క్రిస్మస్ ముందు ఇంటింటికీ తిరిగే పాటలు, అన్నిటికీ నేనే. తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. హార్మోనియం వాయించేటప్పుడు కుడి చెయ్యి మీటల మీద పాట నడుపుతుంది. ఎడమ చెయ్యి వెనకవైపు తిత్తిని ఆడిస్తూ గాలి ఇస్తుంది. ఎడమ చేతికి పాటతో పనిలేదు. పాటకి ఊపిరి అందించడమే దాని ఉద్యోగం.

ఎనభైల మొదట్లో మెల్‌బోర్న్‌లో ఒక చిన్న కాలేజీలో నాకు సీటు వచ్చింది. స్కూలు పిల్లలకి సంగీతం నేర్పే టీచర్ల కోర్సు. మా చర్చి సంఘం వాళ్ళే దరఖాస్తు తెప్పించారు. అందులో ఒక గడి ఉంది, కీబోర్డు వాయిద్యం ఎన్నేళ్ళుగా వాయిస్తున్నారని. పదకొండేళ్ళు అని రాశాను. అబద్ధం కాదు కదా. ఎన్ని చేతులతో అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. పియానో వాళ్ళు రెండు చేతులూ వాడతారని ఫొటోల్లో చూశాను గానీ, ఆ రెండో చెయ్యి నాక్కూడా అవసరం పడుతుందని తట్టలేదు.

మొదటి వారమే పట్టుబడిపోయాను.

మా కీబోర్డు టీచరు మిస్ డోర్మన్. సన్నగా పొడుగ్గా ఉండేవారు, కార్డిగన్ జేబుల నిండా పెన్సిళ్ళు. కాలేజీ వెనక నల్లరాయితో కట్టిన పాత హాలు ఒకటి ఉంది. అందులో హార్ప్సికార్డ్ అనే వాయిద్యం ముందు నన్ను కూచోబెట్టి, నీకు వచ్చింది ఏదైనా వాయించమన్నారు. నేను ఒక ఆరాధన పాట అందుకున్నాను. కుడి చెయ్యి చక్కగా నడుస్తోంది. ఎడమ చెయ్యి నన్ను అడక్కుండానే గాల్లోకి లేచి తిత్తిని వెతుక్కుని, అది దొరక్కపోయినా ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

మిస్ డోర్మన్ కాసేపు చూశారు. "సుగుణా డియర్, ఆ చేత్తో ఎవరికి విసురుతున్నావు? ఇవాళ అంత వేడిగా కూడా లేదే?"

"గాలి ఇస్తున్నాను మిస్."

"దీనికి గాలి అక్కర్లేదమ్మా. చెయ్యి అక్కర."

అక్కడే వాయిద్యాలు బాగుచేసే బర్ట్ అనే పెద్దాయన ఉన్నారు, ఆయన మూతి మీద చెయ్యి పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు. తర్వాత నాకు మంచి స్నేహితుడయ్యారు. హార్ప్సికార్డ్ లోపల చూడాలని నేను అడిగితే సంతోషంగా మూత ఎత్తి చూపించారు. బయటికి పియానో తమ్ముడిలా ఉంటుంది గానీ లోపల వేరు. పియానోలో సుత్తి తీగని కొడుతుంది. ఇందులో మీట నొక్కితే చిన్న ముల్లు లాంటిది లేచి తీగని మీటుతుంది, మనం వీణ మీటినట్టు. గట్టిగా నొక్కినా మెల్లిగా నొక్కినా శబ్దం ఒకటే. పైగా పుట్టీ పుట్టగానే సన్నబడిపోతుంది. హార్మోనియం స్వరం నేను గాలి ఇచ్చినంతసేపూ ఉంటుంది, దీని స్వరం ముత్యం నేల మీద పడ్డట్టు టక్కున మెరిసి పోతుంది.

దీనికి మీటలు రెండు వరసలు. కింద ఒక వరస, దాని మీద మెట్టులాగా ఇంకో వరస. పక్కన ఒక చెక్క పిడి. ఆ పిడి లాగితే కింది వరస నొక్కినప్పుడు పై వరస మీటలు కూడా వాటంతట అవే దిగుతాయి. కొత్తవాళ్ళు అది చూసి జడుసుకుంటారట. నేను జడుసుకోలేదు, అలాంటి ఏర్పాటు పెద్ద హార్మోనియాలకీ ఉంటుంది. బర్ట్ ఒక మాట గట్టిగా చెప్పారు. కిందిది పైదాన్ని లాగుతుంది గానీ, పైది కిందిదాన్ని ఎప్పటికీ లాగలేదు. ఆ ఏర్పాటే లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

జూన్‌లో పరీక్ష పెట్టారు. ఫెయిలయ్యాను. రెండు చేతులతో నాలుగు గడులు, అంటే సంగీతం కాగితం మీద నాలుగు నిలువుగీతల దాకా, వాయించగానే ఎడమ చెయ్యి లేచి విసరడం మొదలెట్టింది. కుడి చేతికి కష్టమైన చోటు వచ్చినకొద్దీ అది ఇంకా జోరుగా ఊగేది. పాపం, పదకొండేళ్ళ నమ్మకం. అక్క లాంటి కుడి చేతికి ఆయాసం వస్తోందని గాలి ఇవ్వడానికి పరిగెత్తుకొచ్చేది.

నవంబరులో ఇంకొక్క అవకాశం అన్నారు. అది కూడా తప్పితే సీటు పోతుంది. సీటు పోతే వీసా పోతుంది. వీసా పోతే నరసాపురం. అక్కడేమో ప్రతి ఆదివారం నా పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నామని నాన్నగారి ఉత్తరాలు. జూన్ సంగతి ఆయనకి రాయలేదు. రాయడానికి కూచుంటే పెన్ను కదిలేది కాదు.

హాస్టల్లో నా గదిలో లోసా అని, పసిఫిక్ దీవుల్లోని సమోవా నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. నాకంటే ఒక తల పొడుగు, నవ్విందంటే కిటికీ అద్దాలు అదిరేవి. నన్ను సూ అని పిలిచే ఆ పిల్ల అనేది, "నీ ఎడమ చెయ్యి ఇంకా ఇండియాలోనే ఉంది సూ. దానికి వీసా రాలేదు."

"వాజ్ షి మీన్?" అంటోంది హన్నా. చెడ్డపిల్ల కాదమ్మా. ఆ మాట అని, నాకు ఇష్టమని ఎక్కణ్ణుంచో మిరపకాయలు తెచ్చిచ్చేది.

అప్పుడు మిస్ డోర్మన్ ఒక ఉపాయం చేశారు. చేత్తో ఎత్తి రాసిన నాలుగు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. అది షకోన్ అనే రకం రచన. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటిదట. రాసినవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు, కాగితం మీద కూడా లేదు.

"నీ ఎడమ చేతికి పది పనులు చెప్పను సుగుణా. ఒక్కటే చెబుతాను. కానీ అది రావాలి" అన్నారు.

ఆ షకోన్ ఎలా ఉంటుందంటే, ఎడమ చేతికి ఎనిమిది గడుల చిన్న స్వరాల వరస. పై సా నుంచి కింది సా దాకా మెట్లు దిగుతుంది. ఊరికే దిగదు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూసి, చిన్న గంతు వేసి, మళ్ళీ దిగుతుంది. కిందికి చేరగానే మళ్ళీ పైనుంచి మొదలు. అలా ముప్ఫైసార్లు, ఒక్క స్వరం మారకుండా. కుడి చెయ్యి మాత్రం ప్రతి చుట్టుకీ కొత్త మాట చెబుతుంది. ఒక చుట్టు నిదానంగా నడుస్తుంది, ఒక చుట్టు పరిగెత్తుతుంది, ఒక చుట్టు అలిగినట్టు ఆగి ఆగి మాట్లాడుతుంది. మీ తాతయ్య రోజూ గుమ్మంలోంచే "ఇవాళ కూరేంటి?" అని ఒకే రాగంలో అడిగేవారు, నేను రోజుకో జవాబు చెప్పేదాన్ని. సరిగ్గా అదే షకోన్.

అసలు అది నాట్యానికి పుట్టిన సంగీతం. మూడు దెబ్బల లయ, రెండో దెబ్బ మీద కాస్త బరువు. కూచున్నవాళ్ళ మడమలు వాటంతట అవే లేస్తాయి. స్వరం తొందరగా చచ్చిపోతుందని చెప్పాను కదా, అందుకని దాన్ని బతికించడానికి మధ్య మధ్యలో చిన్న గుర్తులు వేసి ఉంటాయి. ఆ గుర్తు దగ్గర పై స్వరం నుంచి మొదలెట్టి రెండు స్వరాల్నీ గలగలా తిప్పాలి. పట్టీలు పెట్టుకున్న పిల్ల మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. దిగులుతో ఉన్న మనిషి ముందు వాయిస్తే ఆ మనిషికి కోపం రావాలి, అంత సంబరం అందులో.

నాకు కోపమే వచ్చింది. జులై, ఆగస్టు రెండు నెలలూ ఆ ఒక్క వరస ఎడమ చేతికి ఎక్కలేదు. విడిగా వాయిస్తే వచ్చేది. కుడి చెయ్యి కలవగానే మీటలు వదిలేసి గాల్లోకి లేచేది.

సెప్టెంబరులో ఒక గురువారం. మధ్యాహ్నం మూడు దాటింది. హాలు నాకు మంగళ, గురువారాల్లో మూడింటి నుంచి అయిదింటి దాకా ఇచ్చేవారు. పై కిటికీల్లోంచి ఎండ నేరుగా మీటల మీద పడుతోంది. బయట మాగ్‌పై అనే నలుపు తెలుపు పిట్టలు గొంతులో నీళ్ళు పోసుకుని పాడుతున్నాయి. నేను తప్ప ఎవరూ లేరు. తలుపు వేసి ఉంది.

ఎడమ చేతి మీద విసుగొచ్చి దాన్ని నా తొడ కింద పెట్టుకుని దాని మీద కూచున్నాను. అవును హన్నా, నిజంగానే కూచున్నాను, నవ్వకు. కుడి చేత్తో పై వరస మీద పాట వాయిస్తూ, ఎడమ చేతి స్వరాల వరసని నోటితో పాడుతున్నాను. చెక్క పిడి లాగలేదు. లాగినా ఉపయోగం లేదు, నేను వాయిస్తున్నది పై వరస.

నాలుగో చుట్టులోనో అయిదో చుట్టులోనో నా గొంతు బాగుందే అనిపించింది. మరీ ఇంత బాగుండదే అని పాడడం ఆపాను. కింది వరస ఆగలేదు. మెట్లు దిగుతోంది, గంతు వేస్తోంది, మళ్ళీ దిగుతోంది.

కిందికి చూశాను. కింది వరసలో ఎడమ పక్క మీటలు ఒకదాని తర్వాత ఒకటి దిగి లేస్తున్నాయి. ఎండలో చాలా స్పష్టంగా కనబడుతున్నాయి. వాటి మీద ఏమీ లేదు.

నేను కుడి చెయ్యి ఆపాను. అవీ ఆగాయి.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఎలక. వెంటనే లేచి మూత ఎత్తాను. బల్ల కింద దూరాను. తీగల మధ్య చూశాను. ఎలక లేదు, దారం లేదు, ఏమీ లేదు. పిడి లోపలికే ఉంది. మళ్ళీ కూచుని, ఎడమ చేతిని మళ్ళీ తొడ కింద పెట్టుకుని, కుడి చేత్తో మొదలుపెట్టాను. రెండో గడిలో అది వచ్చి కలిసింది.

భయం వెయ్యలేదా అని అందరూ అడుగుతారు. వెయ్యలేదు. ఎందుకంటే అది వాయించే తీరు అలాంటిది. నేను ఒకచోట తప్పి తడబడితే అది నా కోసం ఆగింది. మనం ముందు గుమ్మం దాటి, వెనక మనిషి చెప్పులు వేసుకునేదాకా నిలబడతామే, అలా ఆగింది. నేను సర్దుకోగానే అందుకుంది. ఒక చుట్టు చివర, కాగితం మీద లేని గలగల ఒకటి వేసింది, ఎలా ఉంది అన్నట్టు. నాకు నవ్వొచ్చింది. ఖాళీ హాల్లో ఒక్కదాన్ని పగలబడి నవ్వాను. మా సంఘంలో పెద్దలు చూస్తే సాతాను అనేవాళ్ళు. సాతానుకి అంత ఓపిక ఎక్కడిది?

కాసేపటికి ఎడమ చేతిని బయటికి తీశాను. కదులుతున్న ఆ మీటల మీద వేళ్ళు మెల్లిగా ఆనించాను, నొక్కకుండా. మీటలు నా వేళ్ళ కింద దిగుతున్నాయి, లేస్తున్నాయి. చిన్నప్పుడు పలక మీద నాన్నగారు నా చెయ్యి పట్టి దిద్దించారు. అది పైనుంచి. ఇది కింద నుంచి దిద్దించడం. మొదట వేళ్ళు ఎటుపోవాలో తెలియక ఒకదానికొకటి తగులుకున్నాయి. పదో చుట్టుకి దారి దొరికింది. ఎడమ చెయ్యి గాల్లోకి లేవలేదు. బహుశా ఊపిరి ఎవరో ఇస్తున్నారని దానికి నమ్మకం కుదిరిందేమో.

అలా మూడు గురువారాలు జరిగింది. మంగళవారాల్లో ఏమీ లేదు. ఎందుకో తెలియదు.

రెండో గురువారం సాక్ష్యం కూడా దొరికింది. లోసా నాకు లామింగ్టన్ కేకు తీసుకొచ్చింది, చాక్లెట్లో ముంచి పైన కొబ్బరికోరు చల్లుతారే, అది. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పొట్లం నా పక్కన పెట్టి, బయట మెట్ల మీద కూచుని చదువుకుంటానని వెళ్ళింది. పావుగంట తర్వాత లోపలికి తొంగి చూసింది. నా కుడి చెయ్యి పై వరస మీద వాయిస్తోంది. ఎడమ చేతిలో సగం తిన్న లామింగ్టన్ ఉంది. హాల్లో మాత్రం రెండు చేతుల సంగీతం మోగుతోంది.

లోసా దగ్గరికొచ్చి కింది వరస వైపు చూసింది. నా ఎడమ చేతి వైపు చూసింది. మళ్ళీ కిందికి చూసింది.

"సూ," అంది, "అది నీ చెయ్యా?"

"నా చెయ్యి తింటోంది."

"మరి ఇదెవరు?"

"తెలీదు. డిస్టర్బ్ చెయ్యకు, బాగా వాయిస్తున్నారు."

ఆ పిల్ల పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. వాళ్ళ ఇళ్ళల్లో చనిపోయిన పెద్దవాళ్ళు రాకపోకలు సాగిస్తారని నమ్ముతారట. చెప్పులు విప్పి, బయటికి విసిరేసి, ఆ పెద్ద హాలు మధ్యలో నాట్యం మొదలెట్టింది. చేతులు అలల్లా ఊపుతూ గుండ్రంగా తిరిగింది. కింది వరస ఇంకా హుషారెక్కిపోయింది. లోసా పాదం ఎక్కడ పడితే ఆ రెండో దెబ్బ అక్కడే. చివరికి నేనే అలిసిపోయి ఆపాను.

ఆ లోసా ఇప్పటికీ ఉంది, బ్రిస్బేన్‌లో. పోయిన క్రిస్మస్‌కి ఫోన్ చేసి అడిగాను, నీకు గుర్తుందా అని. కొబ్బరికోరు మీటల మధ్య పడితే బర్ట్ ఎంత తిట్టాడో కూడా గుర్తుందంది.

మూడో గురువారం తర్వాత రాలేదు. నేను కుడి చేత్తో మాత్రమే వాయిస్తూ కూచుంటే కింది వరస కట్టెలా ఉండేది. సరే, అలసటేమో, పరీక్ష రోజుకి వస్తుందిలే అనుకున్నాను. నిజం చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. ఆ నమ్మకంతో అక్టోబరు చివర సరిగ్గా సాధన కూడా చెయ్యలేదు.

నవంబరులో పరీక్ష. అదే హాలు, మిట్టమధ్యాహ్నం. బల్ల వెనక ముగ్గురు. మిస్ డోర్మన్ గోడ పక్కన నిలబడి జేబులో పెన్సిళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. పరీక్ష చేసేవాళ్ళలో మధ్యలో కూచున్నది తెల్లగడ్డం పెద్దాయన. నీ ఇష్టం వచ్చినప్పుడు మొదలెట్టు అన్నారు.

చేతులు మీటల మీద పెట్టాను. ఎడమ చేతిని కింది వరస మీద ఆనించి, అది దిగుతుందని ఎదురుచూశాను. దిగలేదు. పది లెక్కపెట్టాను. ఆ మీటలు చెక్కముక్కల్లా నా వేళ్ళ కింద నిలబడి ఉన్నాయి. కళ్ళ ముందు నాన్నగారి ఉత్తరం, సంఘంలో వంచిన తలలు.

పెద్దాయన దగ్గారు.

ఇక రారు అని అర్థమయింది. అర్థం కాగానే విచిత్రంగా కోపం వచ్చింది, నన్ను ఇంతదాకా తీసుకొచ్చి వదిలేస్తారా అని. ఆ కోపంతోనే మొదటి మీట నొక్కాను. రెండోది. ఎడమ చెయ్యి మెట్లు దిగింది. గంతు వేసింది. మళ్ళీ పైకి వచ్చి దిగింది. కుడి చెయ్యి కలిసింది. నాలుగో గడి వచ్చింది. అక్కడే కదా ఎప్పుడూ లేచిపోయేది. లేవలేదు. పదో చుట్టుకి నా మడమలు లేస్తున్నాయి. ఇరవయ్యో చుట్టుకి నేను నవ్వుతున్నాను. ముప్ఫై అయ్యాయి. ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమ చెయ్యి వేడిగా, బతికున్న పిట్టలా ఉంది.

తెల్లగడ్డం పెద్దాయన లేచి వచ్చారు. "ఎడమ చేతిది ఒక్కటే ఇంకోసారి వాయించమ్మా" అన్నారు. వాయించాను. వంగి, ముక్కు మీటలకి తగిలేంత దగ్గరగా చూశారు. ఇంకోసారి అన్నారు. ఇంకోసారి వాయించాను. ఆయన మొహం విచ్చుకుంది.

"నువ్వు బొటనవేలు వాడట్లేదు."

అప్పటిదాకా నేను గమనించలేదు. నిజమే. నడిమి వేలు, ఉంగరం వేలు, మళ్ళీ ఉంగరం వేలు మీదుగా నడిమి వేలు దాటడం. రెండేసి స్వరాలు జతగా, జతకీ జతకీ మధ్య సన్నని సందు. ఇప్పటివాళ్ళు అలా వాయించరట. ఈ రచన పుట్టిన కాలంలో మాత్రం అలా వాయించేవారని ఆయన పాత పుస్తకాల్లో చదివారట. "ఇది ఎవరు నేర్పారు?" అని మిస్ డోర్మన్ వైపు తిరిగారు.

"టీచర్ని నేనే," అన్నారు మిస్ డోర్మన్. "కానీ నేను నేర్పింది ఇది కాదు."

కాగితం మీద ఆవిడ ప్రతి స్వరం పైనా పెన్సిల్‌తో అంకె వేసి ఉంచారు, ఏ వేలు వాడాలో. నిండా బొటనవేలి అంకెలే. ముగ్గురూ ఆ కాగితం చూశారు, నా చెయ్యి చూశారు. నేను ఏం చెప్పాలి? అలవాటయిపోయింది సర్ అన్నాను.

తర్వాత మిస్ డోర్మన్ ఒక కారణం చెప్పారు. తిత్తి అంచు పట్టుకుని పట్టుకుని నా ఎడమ బొటనవేలు పక్కకి ఉండడానికి అలవాటు పడిందని, అందుకే అది రాలేదని. కావచ్చు. సైన్సు మేస్టారి కూతుర్ని, ఆ మాట ఒప్పుకుంటాను. బొటనవేలు ఎందుకు రాలేదో దానితో తెలుస్తుంది. మిగతా రెండు వేళ్ళూ ఆ పాత దారి ఎలా పట్టాయో తెలియదు. తొడ కింద చెయ్యి పెట్టుకున్నప్పుడు వాయించింది ఎవరో అసలే తెలియదు.

పాసయ్యాను. ఆ సాయంత్రమే నాన్నగారికి జూన్ సంగతీ నవంబరు సంగతీ కలిపి ఒకే ఉత్తరంలో రాసేశాను. గురువారాల సంగతి మాత్రం రాయలేదు, స్క్రూడ్రైవర్ పంపిస్తారని.

సెలవులకి హాలు మూసేసే ముందు, ఆఖరి గురువారం నేనూ లోసా వెళ్ళాం. థాంక్స్ చెప్పాలి కదా. ఎవరికి చెప్పాలో తెలియదు, గోడకి చెప్పలేం. లోసా నేల మీద చతికిలబడింది. నేను కూచుని కుడి చెయ్యి ఎత్తాను, అలవాటు ప్రకారం. అంతలో ఏదో తోచి దించేశాను. కుడి చేతిని తొడ కింద పెట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఒక్కటే కింది వరస మీద పెట్టి వాయించడం మొదలెట్టాను.

ఒక చుట్టు. రెండు చుట్లు. పై వరస ఖాళీగా ఉంది. లోసా నన్నే చూస్తోంది. మూడు. నాలుగు. నా వరస నేను వాయించుకుంటూ పోయాను, మెట్లు దిగుతూ, గంతు వేస్తూ, తడబడకుండా. ఎవరైనా వచ్చి దాని మీద నిలబడాలనుకుంటే గట్టిగా ఉండాలి కదా. అయిదో చుట్టు మధ్యలో పై వరసలో ఒక మీట దిగింది. దాని పక్కది దిగింది. పై స్వరం నుంచి మొదలెట్టి గలగలా ఒక పొడుగాటి తిప్పుడు, ఆ తర్వాత ఇక ఆగలేదు.

కాగితం మీద ఉన్నది కాదు అది. నేను ఎప్పుడూ వినని మాటలు. ఒక చుట్టు పరుగు, ఒక చుట్టు వెక్కిరింత, ఒక చుట్టు చిన్నపిల్ల ఒంటికాలి మీద గెంతినట్టు. లోసా అప్పటికే లేచి చెప్పులు విసిరేసింది. ముప్ఫై దాటాక నేను లెక్కపెట్టడం మానేశాను. ఎండ కిటికీ దాటి పోయేదాకా వాయించాం. చివర ఎవరు ముందు ఆపారో గుర్తులేదు.

మళ్ళీ ఎప్పుడూ అలా జరగలేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా స్కూళ్ళలో పిల్లలకి సంగీతం చెప్పాను, ఎన్నో వాయిద్యాల ముందు ఒక్కదాన్ని కూచున్నాను. ఎక్కడా ఒక్క మీట దానంతట అది కదల్లేదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. జరిగినదానికి వేరే పేరు కూడా నా దగ్గర లేదు.

"సో హూ వాజ్ ప్లేయింగ్, అమ్మమ్మా?" అంటోంది హన్నా.

తెలీదమ్మా. ఆ ఆఖరి రోజు కుడి చెయ్యి ఎవరిదో ఈ రోజుకీ నాకు తెలియదు. ఎడమ చెయ్యి మాత్రం నాది.